రెండున్నర షిల్లింగుల కాగితం

పిల్లకు ఒళ్లు కాలిపోతోంది. గొంతు నొప్పి, ఒంటినిండా ఎర్రటి దద్దు, నాలుక చూస్తే పొక్కిపోయి కందిపోయి ఉంది. 1905 ప్రాంతంలో ఇంగ్లండులోని ఏ పట్టణంలోనైనా డాక్టరు వచ్చి చూసి, ఇది స్కార్లెట్ జ్వరమేనని తేల్చుకున్నాడంటే మందు రాసిచ్చి వెళ్లిపోవడానికి లేదు. ఇంకో కాగితం కూడా రాయాలి. అచ్చు వేసిన ఆ పత్రంలో రోగి పేరు, చిరునామా, జబ్బు పేరు నింపి పట్టణ హెల్త్ ఆఫీసరుకు పంపాలి. పంపితే డాక్టరుకు రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు. రోగిని చూసింది సర్కారీ కొలువులో భాగంగా అయితే ఒక్క షిల్లింగే. పంపకపోతే నలభై షిల్లింగుల దాకా జరిమానా.

ఈ ఏర్పాటు 1889 నాటి చట్టంతో వచ్చింది. మొదట లండన్‌కు మాత్రమే తప్పనిసరి. మిగతా ఊళ్లు ఇష్టమైతే అమలు చేసుకోవచ్చు. పదేళ్ల తర్వాత, 1899లో, దేశమంతటికీ విధిగా చేశారు. ఏ జబ్బులకు కాగితం రాయాలో చట్టమే జాబితా ఇచ్చింది. మశూచి, కలరా, కంఠసర్పి (డిఫ్తీరియా), స్కార్లెట్ జ్వరం, టైఫస్, టైఫాయిడ్, బాలింత జ్వరం, ఇంకా కొన్ని. పైకి చూస్తే లోటేమీ కనబడదు. కానీ ఆ రోజుల్లో పసిపిల్లల తల్లినెవరినైనా నిలబెట్టి నీకు దేనికి భయమని అడిగి ఉంటే, ఆమె చెప్పే పేర్లలో మూడు ఈ జాబితాలో దొరకవు. తట్టు లేదు. కోరింత దగ్గు లేదు. ఎండాకాలం పసివాళ్లను రెండు రోజుల్లో పీల్చి పిప్పిచేసే విరేచనాలు లేవు.

1900 నాటికి ఇంగ్లండు, వేల్స్‌లలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 150 మందికి పైగా మొదటి పుట్టినరోజు చూడలేదు. ఏడాది దాటినవాళ్లకు ఆ తర్వాతి నాలుగేళ్లూ గండమే. ఆ నాలుగేళ్లలో స్కార్లెట్ జ్వరం కంటే తట్టూ కోరింత దగ్గూ ఎక్కువమందిని పొట్టన పెట్టుకునేవి. అయినా మునిసిపాలిటీ డబ్బు, బండ్లు, మంచాలు, మనుషులు స్కార్లెట్ జ్వరం వైపే పోయాయి. ఎందుకలా జరిగిందో తెలియాలంటే ఆ కాగితం వెంట కొంతదూరం నడవాలి.

కాగితం ముందుగా చేరేది హెల్త్ ఆఫీసరు బల్ల మీదికి. ఈ ఉద్యోగం లివర్‌పూల్‌లో మొదలైంది. 1847లో విలియం హెన్రీ డంకన్ అనే డాక్టరును ఆ నగరం నియమించుకుంది. 1872 చట్టంతో ప్రతి స్థానిక సంస్థా ఒకరిని పెట్టుకోవాల్సి వచ్చింది. పెద్ద నగరాల్లో అది పూర్తికాలపు కొలువు, కింద శానిటరీ ఇనస్పెక్టర్లు, గుమాస్తాలు ఉండేవారు. పల్లె ప్రాంతాల్లో మాత్రం అదే ఊళ్లో ప్రాక్టీసు చేసుకునే డాక్టరు కొద్దిపాటి జీతానికి ఈ పని కూడా నెత్తిన వేసుకునేవాడు. అతని ఉద్యోగం చాలాచోట్ల కౌన్సిలర్ల దయ. కౌన్సిలర్లలో ఇళ్ల యజమానులు తక్కువేం కాదు. ఫలానా సందులో ఇళ్లు మనుషులుండే స్థితిలో లేవని నివేదిక రాయాలంటే, ఆ ఇళ్ల అద్దెలు తినే మనిషి ఎదుటే దాన్ని చదవాలి. ఇలాంటి చోట రాసినవాళ్లూ ఉన్నారు, మింగి ఊరుకున్నవాళ్లూ ఉన్నారు.

ఏటా వీళ్లు అచ్చు వేయించిన నివేదికలు ఇప్పటికీ చదవొచ్చు. 1848 నుంచి 1972 దాకా ఒక్క లండన్ ప్రాంతానివే ఐదున్నర వేలకు పైగా ఉన్నాయి. వెల్‌కమ్ లైబ్రరీ వాటిని ఇంటర్నెట్‌లో పెట్టింది. జననాలు, మరణాలు, డ్రైనేజీ, పాలకొట్లు, కబేళాలు, వర్షపాతం. మొదటి పది పేజీల్లో నిద్ర ముంచుకొస్తుంది. ఆ తర్వాత మెల్లగా ఒక మనిషి గొంతు వినబడుతుంది. పోయిన ఏడూ చెప్పాను, ఈ ఏడూ చెబుతున్నాను అనే విసుగు పట్టికల మధ్య నుంచి తొంగిచూస్తుంది.

కాగితం చేరగానే ఇనస్పెక్టరు ఆ ఇంటికి బయల్దేరతాడు. గదులెన్ని, మనుషులెందరు, పాలు ఎక్కడ కొంటారు, పిల్లలు ఏ బడికి వెళతారు అని రాసుకుంటాడు. ఆ ఇంటి పిల్లలెవరినీ రానివ్వొద్దని బడికి కబురు. ఆ ఇంట్లో మునిసిపల్ లైబ్రరీ పుస్తకం ఉంటే దాన్ని శుద్ధి చేయాలి, లేదా తగలబెట్టాలి. రోగిని ఇంట్లోనే ఉంచితే గుమ్మానికి కార్బాలిక్ ఆసిడ్‌లో తడిపిన దుప్పటి వేలాడదీయాలి. తీసుకువెళ్లదలిస్తే గుర్రబ్బండి వస్తుంది. వీధి పిల్లలు దూరంగా నిలబడి చూస్తూండగా నర్సు పిల్లను దుప్పట్లో చుట్టి ఎక్కించుకుంటుంది. బండి కదిలాక మనుషులొచ్చి కిటికీల సందులకు కాగితాలు అతికించి, గదిలో గంధకం కాల్చి పొగబెడతారు. పరుపులను ఆవిరి యంత్రానికి పంపుతారు. ఆ పొగకు నల్లులు మాత్రం చచ్చేవి. ఆ మేరకు లాభమే.

ఊరి చివర, కొన్నిసార్లు ఊరికి మైలు దూరాన ఉండే జ్వరాల ఆసుపత్రిలో స్కార్లెట్ జ్వరం పిల్ల కనీసం ఆరు వారాలుండాలి. ఎనిమిది, పది వారాలు కూడా మామూలే. తల్లిదండ్రులను లోపలికి రానివ్వరు. కిటికీ అద్దం బయట నిలబడి చెయ్యూపి వెళ్లాలి. ఇంటి నుంచి తెచ్చిన బొమ్మ లోపలికి వెళితే మళ్లీ బయటికి రాదు. చాలా పట్టణాల్లో ప్రతి రోగికీ ఒక నంబరు ఇచ్చేవారు. పరిస్థితి విషమించినవాళ్ల నంబర్లు సాయంత్రం పేపర్లో పడేవి. పేపరు తెరిచి, వరసలో తమ నంబరు లేదని చూసుకుని ఊపిరి పీల్చుకునే తండ్రిని ఊహించుకోండి. లేదని అంటే ఆ పూటకు లేదని మాత్రమే.

ఆరు వారాలు ఎందుకు? దద్దు తగ్గాక చర్మం పొలుసులుగా ఊడుతుంది. అంటువ్యాధి ఆ పొలుసుల్లోనే ఉంటుందని నమ్మేవారు. అరికాలి చర్మం చివరి ముక్క ఊడేదాకా పిల్లను వదిలేవారు కాదు. నిజానికి ఈ జ్వరం తెచ్చే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా ఉండేది గొంతులో, ముక్కులో. నున్నటి కొత్త చర్మంతో, ముక్కు కారుతూ ఇంటికి చేరిన పిల్ల తన తమ్ముడికి జబ్బు అంటించేది. ఇలాంటి కేసులకు ‘తిరుగు కేసులు’ అని పేరే పడింది. ఆసుపత్రిలోనే ఒకరి జబ్బు ఇంకొకరికి అంటేది కూడా. స్కార్లెట్ జ్వరంతో చేరిన పిల్లకు పక్క వార్డులోని కంఠసర్పి సోకడం వింత కాదు. లీసెస్టర్ హెల్త్ ఆఫీసరు కిలిక్ మిలార్డ్ వంటివారు ఈ ఆసుపత్రుల వల్ల స్కార్లెట్ జ్వరం నిజంగా తగ్గిందా అని బహిరంగంగానే సందేహించారు. అదే కాలంలో ఆ జ్వరం తనంతట తానే మెత్తబడుతూ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో పిల్లల్ని అన్నిటికంటే ఎక్కువగా చంపిన జబ్బుల్లో ఒకటైనది, 1910 నాటికి ఎక్కువమందికి ప్రాణం మీదికి తేని జబ్బయింది. మంచాలు మాత్రం అలాగే నిండుతూ ఉన్నాయి. కట్టిన ఆసుపత్రిని ఖాళీగా ఉంచడం ఏ కౌన్సిలుకూ రుచించదు.

కంఠసర్పి సంగతి వేరు. గొంతులో బూడిదరంగు పొర కట్టి పిల్లలకు ఊపిరాడనివ్వని ఈ జబ్బుకు, ఆసుపత్రిలో దొరికే వైద్యం ఉంది. గుర్రాలకు కొద్దికొద్దిగా విషాన్ని ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును తీసి రోగికి ఇస్తారు. బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే శాస్త్రవేత్తలు 1890లో దీనికి దారి వేశారు. పారిస్‌లో రూ అనే డాక్టరు 1894లో పెద్ద ఎత్తున వాడి చూపించాడు. ఆ ఏడే లండన్ జ్వరాల ఆసుపత్రులు మొదలుపెట్టాయి. చేరిన కంఠసర్పి రోగుల్లో అప్పటిదాకా నూటికి సుమారు 30 మంది పోయేవారు. 1910 వచ్చేసరికి అది పది దగ్గరికి దిగింది. ఈ తగ్గుదలంతా మందుదే అనలేం. గొంతు తుడిచి తీసిన దూదిని ప్రయోగశాలకు పంపడం అలవాటయ్యాక, ఇంతకుముందు ఉత్త గొంతునొప్పి అనుకుని వదిలేసిన తేలికపాటి కేసులు కూడా లెక్కలోకి వచ్చాయి. హారం పెరిగితే శాతం తగ్గుతుంది. ఆ మినహాయింపు ఇచ్చాక కూడా మందు పని చేసిందనడంలో అనుమానం లేదు. మొదటి రోజు ఇచ్చిన పిల్లలు బతికారు, నాలుగో రోజు ఇచ్చినవాళ్లలో చాలామంది బతకలేదు. ఇక్కడ మాత్రం కాగితం త్వరగా చేరడం, బండి త్వరగా రావడం పిల్ల ప్రాణంతో సమానం.

ఇక జాబితాకెక్కని వాటి దగ్గరికొద్దాం.

తట్టును ఎందుకు వదిలేశారు? మతిలేక కాదు. తట్టు అంటుకునేది దద్దు రాకముందే. ముక్కు కారడం, కళ్లు ఎర్రబడడం, దగ్గు ఉన్న నాలుగు రోజుల్లోనే బడిలో పక్కన కూర్చున్నవాళ్లందరికీ అంటిపోతుంది. దద్దు చూసి కాగితం రాసేసరికి దొంగ వీధి దాటేసి ఉంటాడు. పైగా దాదాపు ప్రతి పిల్లకూ ఒకసారి వచ్చే జబ్బు. అందరినీ చేర్చుకునే ఆసుపత్రి ఏ ఊరికుంది? కేసుకు రెండున్నర షిల్లింగుల చొప్పున డాక్టర్లకు ఇవ్వాలంటే ఖజానా ఏమవుతుంది? ఈ వాదనలన్నీ లెక్కకు సరిగ్గానే ఉన్నాయి. కానీ అందరికీ వచ్చే జబ్బు కదా అనే మాటలో, పోయేవాళ్లు ఎవరన్న ప్రశ్న మాయమైంది. కలిగిన ఇంట్లో ఆరేళ్లకు తట్టు వచ్చిన పిల్ల వారం పడుకుని లేచేది. ఒక్క గదిలో ఆరుగురు ఉండే ఇంట్లో ఏడాదిన్నరకే తట్టు వచ్చిన పిల్ల న్యుమోనియాతో పోయేది. వైరస్‌లో తేడా లేదు. వయసులో, గదిలో, తిండిలో, పక్కన కూర్చుని చూసుకునే మనిషి ఉండడంలో తేడా.

బడికి ఇందులో పెద్ద పాత్ర ఉంది. హాజరును బట్టి బడికి గ్రాంటు, నాగా లేకుండా వచ్చిన పిల్లకు పతకం. జలుబుతో ఉన్న పిల్లను కూడా బడికి తోలేవారు. మూడు, నాలుగేళ్ల వాళ్లను కూడా పసిపిల్లల తరగతిలో బల్లలకు అతికించినట్టు కూర్చోబెట్టేవారు. తట్టుకు ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. చివరికి 1905లో, ఐదేళ్లు నిండని పిల్లలను కావాలంటే బళ్లలో చేర్చుకోకుండా ఉండొచ్చని విద్యాశాఖ స్థానిక సంస్థలకు వెసులుబాటు ఇచ్చింది. జబ్బు ముదిరినప్పుడు హెల్త్ ఆఫీసరు బడి మూయించేవాడు. మూస్తే ఏమవుతుంది? పిల్లలు వీధిలో ఆడుకుంటారు, అక్కడే అంటించుకుంటారు.

తట్టు లండన్‌లో సుమారు రెండేళ్లకొకసారి పొంగి, మళ్లీ తగ్గేది. సూక్ష్మజీవి బలం పెరిగి తరుగుతోందని కొందరనేవారు. లండన్ కౌంటీ కౌన్సిల్‌లో పనిచేసే డాక్టరు విలియం హేమర్ 1906లో చేసిన ఉపన్యాసాల్లో అంతకంటే సులువైన కారణం చూపించాడు. సూక్ష్మజీవి మారనక్కరలేదు, ఇంకా తట్టు రాని పిల్లల సంఖ్య మారితే చాలు. వాళ్లు బాగా పోగుపడితే ప్రతి రోగీ ఒకరికంటే ఎక్కువమందికి అంటిస్తాడు, జబ్బు ఎగుస్తుంది. వాళ్లు కరిగిపోతే జబ్బుకు కట్టెలు అయిపోతాయి, ఇంకా కొందరు మిగిలి ఉండగానే ఆరిపోతుంది. కొత్తగా పుట్టినవాళ్లు మళ్లీ పోగుపడడానికి దాదాపు రెండేళ్లు. అంతే.

ఇదే కాలంలో ఇంకో మనిషి ఇదే దారిలో ఆలోచిస్తున్నాడు, అతనితో మనకు చుట్టరికం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, బేగంపేటలో, దోమ పొట్టలో మలేరియా జీవిని చూసిన రోనాల్డ్ రాస్ ఆ తర్వాత లివర్‌పూల్ చేరి, దోమల లెక్కలు కట్టాడు. ఊళ్లో ప్రతి దోమనూ చంపక్కర్లేదు, ఒక హద్దు కంటే తగ్గిస్తే మలేరియా తనంతట తానే సన్నగిల్లుతుందని గణితంతో చూపించాడు. టీకాలు అందరికీ వేయకపోయినా జబ్బు ఆగే స్థాయి ఒకటుందని ఇప్పుడు మనం మాట్లాడుకునే మాటకు మూలం బేగంపేట దోమలూ, లండన్ బడిపిల్లలూ. అయితే హేమర్ లెక్క వల్ల అప్పటికప్పుడు ఒక్క పిల్ల కూడా బతకలేదు. తట్టు టీకా బ్రిటన్‌కు 1968లో గాని రాలేదు.

విరేచనాల కథకు లెక్క కాదు, థర్మామీటరు కావాలి. ఎడ్వర్డ్ బల్లార్డ్ అనే ప్రభుత్వ వైద్యుడు 1880లలో ఒక విచిత్రమైన సంగతి పట్టుకున్నాడు. నేలలో నాలుగడుగుల లోతున ఉష్ణోగ్రత 56 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే పసిపిల్లల విరేచనాల మరణాలు ఎగబాకుతాయి. అక్కణ్నుంచి హెల్త్ ఆఫీసర్లు నేలలో థర్మామీటర్లు పాతి, ఆ అంకెలను ఏటా నివేదికల్లో అచ్చు వేశారు. 56 డిగ్రీలంటే మన లెక్కలో పదమూడు చిల్లర. రోళ్లు పగిలే ఎండలు చూసిన మనకు నవ్వొస్తుంది. కానీ నాలుగడుగుల లోతుకు వేడి దిగడానికి వారాలు పడుతుంది. అంటే ఆ అంకె ఒక్కరోజు ఎండను కాదు, కొన్ని వారాల ఎండను కొలుస్తోంది. నేలలోంచి ఏదో సూక్ష్మజీవి పైకి లేస్తోందని బల్లార్డ్ అనుకున్నాడు. అది తప్పు. ఆ వారాల్లో పెరిగేవి ఈగలు.

మాంచెస్టర్ హెల్త్ ఆఫీసరు జేమ్స్ నివెన్ ఈగల బోనులు పెట్టించి, చిక్కిన ఈగలను వారం వారం లెక్కబెట్టించాడు. ఈగలు పెరిగిన కొద్ది రోజులకు చావులు పెరుగుతున్నాయి. నగరం నిండా గుర్రాలు, గుర్రాల పేడ, పెరట్లో నీళ్లు పోయని పాయిఖానాలు, ఒకే గదిలో మూత లేని పాలగిన్నె. ఆ పాలు రైలెక్కి, చేతులు మారి, గంటల తరబడి వెచ్చబడి వచ్చినవి. వాటిని పోసేది రబ్బరు గొట్టం పొడుగ్గా వేలాడే గాజు సీసాలో. గొట్టం లోపల తోమడం ఎవరివల్లా కాదు. పిల్ల పక్కలో పడుకుని తనంతట తానే చప్పరించుకోవచ్చు, తల్లి పని చేసుకోవచ్చు. తల్లిపాలు తాగే పిల్లలకు ఈ జబ్బు చాలా అరుదుగా వచ్చేది.

1910లో వెయ్యికి 105గా ఉన్న శిశుమరణాలు, ఎండలు మండిన 1911లో 130కి ఎగిరాయి. చల్లటి 1912లో 95కు పడ్డాయి. ఆ మూడేళ్లలో వైద్యం మారలేదు, ఆకాశం మారింది.

ఈ చావులకు కాగితం లేదు సరికదా, పుట్టుకకు కూడా వేళకు కాగితం లేదు. జననాన్ని నమోదు చేయడానికి చట్టం 42 రోజుల గడువు ఇచ్చింది. ఆ పుట్టుక సంగతి హెల్త్ ఆఫీసరుకు తెలిసేసరికి పిల్ల తల్లిపాలు మాని సీసాకు మారి ఉండొచ్చు, లేదా పోయి ఉండొచ్చు. యార్క్‌షైర్‌లోని హడర్స్‌ఫీల్డ్ ఊరి వాళ్లు దీన్ని పట్టుకున్నారు. 1904లో మేయరైన బెంజమిన్ బ్రాడ్‌బెంట్, తన లాంగ్‌వుడ్ పేటలో ఆ ఏడాది పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి పుట్టినరోజున ఒక పౌను ఇస్తానని మాటిచ్చాడు. ఒక పౌను అంటే కూలి కుటుంబానికి వారం సంపాదన. ఆ తర్వాత హెల్త్ ఆఫీసరు శామ్యూల్ మూర్‌తో కలిసి, బిడ్డ పుట్టిన రెండు రోజుల్లో కబురు చెప్పినవారికి ఒక షిల్లింగు ఇచ్చే పద్ధతి పెట్టాడు. కబురందగానే మునిసిపాలిటీ నియమించిన ఇద్దరు లేడీ డాక్టర్లలో ఒకరు ఇంటికి వెళ్లేవారు. 1906లో ఆ ఊరు పార్లమెంటు చేత ప్రత్యేక చట్టం చేయించుకుని దాన్ని తప్పనిసరి చేసింది. మరుసటి ఏడు దేశానికంతటికీ ఐచ్ఛిక చట్టం వచ్చింది. గడువు 36 గంటలు. 1915లో అది అందరికీ విధి అయింది.

కొన్ని ఊళ్లు పాల మీద పడ్డాయి. సెయింట్ హెలెన్స్ 1899లో, లివర్‌పూల్ 1901లో శుద్ధి చేసిన పాలను సీసాల్లో అమ్మే డిపోలు తెరిచాయి. ఒక్కో పూటకు ఒక్కో సీసా. మంచి ఆలోచనే. కానీ అందరికంటే పేదవాళ్లు వాటిని కొనలేకపోయారు. తల్లిపాలు ఇవ్వగలిగినవాళ్లు కూడా మునిసిపాలిటీ పాలే శ్రేష్ఠమనుకునే ప్రమాదం ఉండేది.

ఇంటింటికీ వెళ్లడం మొదలయ్యాక ఒక చెడ్డ అలవాటు కూడా మొదలైంది. వీధి శుభ్రంగా లేదనడం మానేసి, తల్లికి తెలివి లేదనడం. ఫిన్స్‌బరీ హెల్త్ ఆఫీసరు జార్జ్ న్యూమన్ 1906లో శిశుమరణాల మీద రాసిన పుస్తకం ఈ ధోరణికి పెద్ద బలం. న్యూమన్ తెలివైనవాడు, పట్టికలు గట్టివి. కానీ నీటి కొళాయి రెండంతస్తుల కింద ఉన్న ఇంట్లో సీసా మరగబెట్టమని చెప్పడం సులువు. లాంబెత్‌లో కూలి కుటుంబాల ఇళ్లకు నాలుగేళ్లు వారం వారం వెళ్లిన ఫేబియన్ సోషలిస్టు మహిళల బృందం తరఫున మాడ్ పెంబర్ రీవ్స్ 1913లో వేరే పుస్తకం తెచ్చింది. వారానికి ఒక పౌను చుట్టూ తిరిగే ఆ ఇళ్ల జమాఖర్చులు పెన్నీతో సహా అందులో ఉన్నాయి. ఆ తల్లులకు లేనిది జ్ఞానం కాదు, డబ్బూ చోటూ అని చెప్పింది. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే నేను రీవ్స్ వైపే మొగ్గుతాను. అయినా ఇంటికొచ్చిన హెల్త్ విజిటర్లందరూ పాఠం చెప్పి పోయారనడం కూడా అన్యాయం; చాలామంది చూసింది చూసినట్టు ఆఫీసుకు మోసుకెళ్లారు, నివేదికల్లో కొళాయిల మాట అలాగే వచ్చింది.

పిల్లల చావులు ఎందుకు తగ్గాయనే వాదన చరిత్రకారుల్లో ఇప్పటికీ తెగలేదు. డాక్టర్లూ మునిసిపాలిటీలూ చేసింది తక్కువ, తిండి మెరుగవడం వల్లే తగ్గాయని థామస్ మెక్యూన్ 1970లలో అన్నాడు. 1988లో సైమన్ స్రెటర్ దాన్ని తిరగేశాడు. ఊరూరా జరిగిన కాలువల, ఇళ్ల, పాల పోరాటాలే ముఖ్యమన్నాడు. జబ్బును బట్టి జవాబు మారుతుందని నాకనిపిస్తుంది. కంఠసర్పికి సీరం, విరేచనాలకు కాలువ, తట్టుకు గది.

తట్టుకు చివరికి కాగితం వచ్చింది. 1916 జనవరి 1 నుంచి, యుద్ధం మధ్యలో, దేశమంతటా తట్టును కూడా తెలియజేయాలని ఉత్తర్వు. యువకులు కందకాల్లో రాలిపోతుంటే పసిపిల్లల విలువ ప్రభుత్వానికి కొత్తగా కనబడింది. ఈసారి కాగితం వెనక గుర్రబ్బండి రాలేదు, గంధకం పొగా రాలేదు. డబ్బున్న కౌన్సిళ్లు నర్సును పంపాయి. ఆమె చేసేవి చిన్న పనులు. దద్దు పోగానే పిల్లను వీధిలోకి వదలొద్దని, ఇంకొన్నాళ్లు మంచంలోనే ఉంచమని చెబుతుంది. కిటికీ కొంచెం తెరుస్తుంది. ఊపిరి లెక్కపెడుతుంది. న్యుమోనియా అనిపిస్తే డాక్టరుకు కబురు పంపుతుంది. మర్నాడు మళ్లీ వస్తుంది.

యుద్ధం ముగిసిన కొద్ది కాలానికే ఖర్చు పేరుతో ఆ ఉత్తర్వును ఎత్తేశారు. కోరింత దగ్గుతో కలిపి తట్టు మళ్లీ దేశవ్యాప్త జాబితాకెక్కింది 1940లో, ఇంకో యుద్ధంలో. ఆ ఏడాదే కంఠసర్పి టీకాల ఉద్యమం కూడా మొదలైంది. కెనడా, న్యూయార్క్‌లు ఆ పని అంతకు చాలా ఏళ్ల ముందే చేసి చూపించాయి. 1940లో ఇంగ్లండు, వేల్స్‌లలో కంఠసర్పికి 46 వేలకు పైగా కాగితాలు రాశారు, సుమారు 2,500 మంది పోయారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ కాగితం ఎలా నింపాలో ఒక్కసారైనా తెలుసుకునే అవసరం రాని కుర్ర డాక్టర్లు ప్రాక్టీసులో ఉన్నారు.